అపొరోసా గొంతుకు చోటు

ఫిజీ రాజధాని సువాలో దర్జీ కొట్టు మీది చిన్న స్టూడియోలో పాటలు మిక్స్ చేసే లీతియాకు నోరు పెద్దది, చెవి ఇంకా పెద్దది. పాటలో మాట వినబడకపోతే గొంతు పెంచమంటారు ఎవరైనా. ఆవిడ వింటేనా! "సంతలో గొంతు చించుకుంటే వినబడుతుందా? పక్కవాళ్ళ నోళ్ళు మూయించాలి గానీ," అంటూ గిటార్ల మోతను కొంచెం కొంచెంగా కోసేస్తుంది. గొంతు తనంతట తనే ముందుకొచ్చి నిలబడుతుంది. "నన్నూ ఇలాగే తగ్గించేశావు కదే," అంటాడు ఆవిడ మొగుడు. అదీ నిజమే.

ఒక శనివారం కందావు ద్వీపం నుంచి మేనమామ అపొరోసా తన బృందంతో దిగాడు. ఊళ్ళో కొత్త చర్చి తెరిచే రోజున వినిపించాలని సొంతంగా పాట కట్టుకున్నాడు.

"మా బావ ముక్కు ముందొచ్చింది లీతియా, మనిషి వెనకొస్తున్నాడు," అన్నాడు యుకులేలే అనే బుల్లి గిటారు వాయించే విలికేసా.

"నీ పొట్ట ఇంకా కింది మెట్టు మీదే ఉందిరా!" అన్నాడు అపొరోసా. బావాబావమరుదుల మధ్య ఈ వేళాకోళాలు లేకపోతే కదా వింత. యంగోనా వేరు పానీయం చిప్ప అందరి చేతులూ తిరిగింది, చప్పట్లు పడ్డాయి, పాట రికార్డయింది.

"నా మాట ఒక్కటీ పోకూడదమ్మా," అన్నాడు అపొరోసా. "ఊరంతా నా గొంతు వినాలి."

వినబడితేగా! గిటార్లు రెండూ, యుకులేలే ఒకటీ గొంతు మీద పడి కుమ్మేస్తున్నాయి. లీతియాకు ఒళ్ళు మండింది.

"ఏమిటీ బాదుడు? మామయ్య మీద పగేమైనా ఉందా మీకు?"

ఎవరూ నవ్వలేదు. విలికేసా చటుక్కున లేచి, "ఉండనీ అమ్మా, జనానికి మోతే ఇష్టం," అన్నాడు. ఆవిడ అప్పటికే వాద్యాలన్నిటి మోతనూ కిందికి లాగేసింది.

స్పీకర్లలోంచి చీలిపోయిన గొంతు వచ్చింది. పై స్వరం దగ్గర ఉత్త గాలి. ఆపాలని కూడా లీతియాకు తోచలేదు.

"ఎవరిదమ్మా ఆ గొంతు?" అన్నాడు అపొరోసా.

మరో చరణం అయ్యేసరికి అది తన గొంతేనని ఆయనకు అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీ అమ్మాయి పెళ్ళినాటి నుంచి, బావా," అన్నాడు విలికేసా తల దించుకుని. "పై స్వరంలో విరిగింది. జనం నవ్వుతారేమోనని గట్టిగా వాయించాను. వీళ్ళనీ వాయించమన్నాను."

"నా ముక్కును అన్నావు, నడకను అన్నావు, నా పెళ్ళాం వంటను కూడా వదల్లేదు. దీన్నొక్కదాన్నీ అనలేకపోయావా? ఇంకెందుకురా బావవి?"

"నోరు రాలేదు బావా."

అయ్యో, నా చేత్తో నేనే చేశానే అని లీతియా కుమిలిపోయింది. అపొరోసా లేచి విలికేసా చేతిలోంచి యుకులేలే లాక్కున్నాడు.

"వెళ్ళి మైకు ముందు నిలబడు."

"నేనా? నీ పాట బావా!"

"పాట ఊరిది. పాడు."

విలికేసా మొదలుపెట్టాడు. అపొరోసా వేళ్ళు తీగలను తాకీ తాకనట్టు కదిలాయి. లీతియా అలవాటుగా యుకులేలేను తగ్గించబోయింది. తగ్గించడానికి అందులో ఏమీ లేదు.