అరచెయ్యి కింద లెక్క

ఆళ్లగడ్డ బడిలో మా ఆరో తరగతి లెక్కల టీచరమ్మ రోజూ నంద్యాల నుంచి బస్సులో వచ్చేది. డెబ్బైల నాటి మాట. ఆమె మొహం కంటే అరచెయ్యే నాకు బాగా గుర్తు.

అంకెలు చూస్తే చాలు, నాకు భయమేసేది. పద్నాలుగు రాయమంటే నలభై ఒకటి రాసేదాన్ని. తక్కిన అయివార్లు బెత్తం తీసేవాళ్లు. ఆమె మాత్రం అరచేత్తో లెక్కంతా మూసి, ఒక్క వరస వదిలి, "ఇదొక్కటే చూడు పాపా, మిగతావి నా చెయ్యి కింద ఉంటాయిలే" అనేది.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు లెక్కలు రానోళ్లను ఇంటికాడే ఉండమనడం మా బడి ఆచారం. ఆ ఏడు ఆమె నన్ను రమ్మనింది. పోయినాను. ఆయన నన్నే లేపి, బోర్డు మీద మూడు నిలువు వరసల కూడిక రాసినాడు. సుద్దముక్క పట్టుకోంగానే అంకెలన్నీ చీమల మాదిరి కదిలినాయి.

ఆమె లేచొచ్చి బోర్డుకు అరచెయ్యి ఆనించింది.

"ఏందమ్మా, బోర్డు మూస్తాండావ్? రిపోర్టు రాస్తా, తెలుసా?"

"రాసుకోండి సార్. అన్నీ ఒక్కసారి చూస్తే ఈ పాపకు భయం. ఒక్కో వరసైతే చేస్తాది."

ఒకట్ల వరస చేసినాను. చెయ్యి కొంచెం జరిగింది. పదులూ చేసినాను. మూడో వరసకు ఆమె చెయ్యి తీసేసింది.

చెయ్యి ఉన్నచోట అంకెల్లేవు. చెమటకు చెరిగిపోయి, తడి అరచెయ్యి అచ్చు మాత్రం ఉంది.

అంతవరకు ఆ గదిలో భయపడతాండేది నేనొక్కదాన్నే అనుకున్నా.