మావయ్యతో ఏటిమొగ పంటు దాకా, ఒక లీటరు టర్బో బండిలో

ఈ ప్రయాణం గుడివాడలో మా మావయ్యని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు మొదలైంది. సూరిబాబు మావయ్య మా అమ్మకి తమ్ముడు. గుడివాడ టాక్సీ స్టాండులో ముప్పై ఏళ్ళు డీజిల్ టాక్సీ నడిపాడు, ముందు సీటు సోఫాలా ఒకటే పొడుగ్గా ఉండే పాతకాలం తెల్ల కారు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటి చూపు కూడా అంచుల నుంచి తగ్గుతోందని, ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేమని డాక్టరుగారు చెప్పారు. బయటికొచ్చాక, ఏమైనా చూడాలనుందా మావయ్యా అని అడిగాను. తిరుపతి అంటాడనుకున్నాను. ఏటిమొగ పంటు అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. దివిసీమలో నాగాయలంక దాటి వెళ్తే ఏటిమొగ రేవు వస్తుంది. అక్కణ్ణించి ఎదురుమొండి దీవికి వెళ్ళాలంటే కృష్ణ పాయని పంటు మీద దాటాలి. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిస్తే అదే పంటు. మనుషులు, మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు, కార్లు అన్నీ దాని మీదే వెళ్తాయి. అక్కడ వారధి వస్తుందని ఏళ్ళ తరబడి వింటున్నాం. వస్తే పంటు ఉండదు. పంటు ముందు పోతుందో తన కన్ను ముందు పోతుందో తెలీదు కాబట్టి రెండూ ఉండగానే చూసొద్దామన్నాడు మావయ్య. నాకు దిగులు పట్టుకుంది. సగం ఆయన కన్ను గురించి, సగం పంటు గురించి.

పంటు గురించి ఎందుకంటే, నాకు డ్రైవింగ్ నేర్పింది మావయ్యే. పందొమ్మిదేళ్ళప్పుడు బంటుమిల్లి కాలవ గట్ల మీద నేర్పాడు. ఒకసారి పెళ్ళివాళ్ళని ఎదురుమొండిలో దింపి వస్తూ, ఖాళీ బండే కదా అని పంటు ఎక్కించమని నాకు స్టీరింగ్ ఇచ్చాడు. పంటు మీదికి ఎక్కడానికి రెండు చెక్క పలకలు వేస్తారు, ఒక్కో చక్రానికి ఒక్కోటి. నేను కంగారులో యాక్సిలరేటర్ తొక్కేశాను. ముందు చక్రం పలక దిగి గాల్లో వేలాడింది. నలుగురు మనుషులు నీళ్ళలో దిగి బండిని ఎత్తారు. మావయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పక్కకి జరగమని, తనే ఎక్కించి, "రోడ్డంతా నీదేనే అమ్మాయ్. పంటు మాత్రం నాది" అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా రేవు రాగానే స్టీరింగ్ ఆయన చేతికే వెళ్ళేది. ఇప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్ళు. పెడనలో కలంకారీ చీరల షాపు నడుపుతున్నాను, మూటలేసుకుని హైదరాబాదు దాకా ఒక్కదాన్నే బండి తోలుకెళ్తాను. అయినా పంటు నాది కాలేదన్న ముల్లు ఒకటి లోపల అలాగే ఉంది. ఆయన చూపు ఉండగా, ఆయన చూస్తుండగా అది తీయించుకోవాలి.

ఇక బండి సంగతి. చిన్న సైజు క్రాసోవర్, అంటే కారుకీ జీపుకీ మధ్యరకం. నాలుగు మీటర్ల లోపు పొడవు, నేల నుంచి రెండొందల మిల్లీమీటర్ల ఎత్తు, వెనక డిక్కీలో నా చీరల మూటలు ఆరు పడతాయి. ఇంజన్ ఒక లీటరు పెట్రోల్, మూడే సిలిండర్లు. టర్బో ఉంది కాబట్టి వంద హార్స్ పవర్, నూట అరవై న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. కాయితం మీద అంకెలు ముద్దుగానే ఉంటాయి. కొన్న కొత్తలో నాకు మాత్రం ఎడ్లబండి తోలినట్టుండేది. షోరూమ్‌కి వెళ్ళి పికప్ లేదని పోట్లాట పెట్టుకున్నాను. మెకానిక్ నా పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చి, మీకు డ్రైవింగ్ నేర్పింది డీజిల్ టాక్సీవాళ్ళా అండీ అని అడిగాడు. అవునని ఒప్పుకున్నాను. మా వైపు టాక్సీవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. బండి నలభై అందుకోగానే టాప్ గేరులో పడేసి, డీజిల్ మిగిలిందని మురిసిపోతారు. ఆ డీజిల్ ఇంజన్‌కి మెల్లిగా తిరిగేటప్పుడే బలం, అది లాగేది. ఈ టర్బోకి పద్దెనిమిది వందల ఆర్‌పీఎం లోపు ప్రాణం ఉండదు, దాటాక మాత్రం ఒక్కసారిగా తోస్తుంది. కాబట్టి గేరు దించి ఇంజన్ తిరగనివ్వాలి. అది నా కాళ్ళకి ఎక్కడానికి మూడు నెలలు పట్టింది.

ఆదివారం ఉదయం ఆరింటికి బందరులో మా ఇంటి దగ్గర బయల్దేరాను. పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ చేరేసరికి ఏడు. మావయ్య అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. అత్తయ్య పెట్టిన ఇడ్లీలు తిని ఏడున్నరకి కదిలాం. మావయ్యతో ప్రయాణం అంటే ఇంకో డ్రైవర్ని పక్కన పెట్టుకున్నట్టే. వేరేవాళ్ళు నడిపే బండిలో ఆయన కన్ను మూయడు. ఏసీ బస్సులో వచ్చినా మెలకువగా కూర్చుని కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉంటాడు. దారి పొడుగునా నా పక్కన కింద మ్యాట్ అలా నలుగుతూనే ఉంది.

పామర్రు సెంటరులో కుడివైపు వెళ్తే విజయవాడ, ఎడమకి బందరు. మేం కూచిపూడి మీదుగా చల్లపల్లి రోడ్డు పట్టుకున్నాం. రెండువైపులా ఊడ్పులు అయిన పొలాలు. మావయ్య తల బాగా పక్కకి తిప్పి, మిగిలిన కంటితో చూస్తున్నాడు. ముందు గడ్డి ట్రాక్టరు ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు వెళ్తోంది. మూడో గేరుకి దించి తొక్కాను. ఆర్‌పీఎం ముల్లు రెండున్నర వేలు దాటగానే వీపు సీటుకి అతుక్కుంది, ట్రాక్టరు వెనకబడిపోయింది. గేరు దించడమేంటి, పెట్రోలు పారబోస్తున్నావా అన్నాడు మావయ్య. ఈ బండి తీరే అంతని చెప్పాను. నమ్మలేదు. మోపిదేవి దాటి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా అవనిగడ్డ చేరేసరికి తొమ్మిదింపావు. నది మీదుగా కాలవని దాటించే ఆ అక్విడక్టు వంతెన ఇరుకు, ఎదురు బండి వస్తే ఓపిక పట్టాలి. చిన్న బండి సుఖం అక్కడ తెలుస్తుంది. స్టీరింగ్ తేలిక, బానెట్ అంచు కనిపిస్తుంది, అంగుళం లెక్కలు వేసుకోనక్కర్లేదు. నాగాయలంకలో టీ తాగి పదింపావుకి ఏటిమొగ రేవులో ఆగాం.

సముద్రం ఆటు మీద ఉంది, నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. అంటే పంటు కిందికి ఉంటుంది, రేవు నుంచి దిగి, మళ్ళీ పలకల మీద పైకెక్కాలి. పంటు నడిపే ఆయన మా దగ్గరికొచ్చి, డ్రైవరు తప్ప అందరూ దిగాలండీ అన్నాడు. అక్కడ అది ఎప్పట్నుంచో ఉన్న రూలు. మావయ్య కదల్లేదు.

"నేనే డ్రైవర్ని" అన్నాడు.

పంటు నడిపే ఆయన స్టీరింగ్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, పలకలు సర్దడానికి వెళ్ళిపోయాడు. మొదటి గేరు వేసి పలకల దాకా తీసుకొచ్చాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యి, క్లచ్ మెల్లిగా వదులు, బండే ఎక్కుద్ది అన్నాడు మావయ్య. ముప్పై ఏళ్ళ కింద ఆ మాట వినకపోవడం వల్లే కదా చక్రం జారింది. ఈసారి తు.చ. తప్పకుండా విన్నాను. ముందు చక్రాలు పలకల మధ్యకి రాగానే ఇంజన్ గిలగిల్లాడి ఆగిపోయింది. బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకున్నాను. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ అలాగే చేశాను, మళ్ళీ ఆగింది. వెనక మోటారు సైకిళ్ళవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. హ్యాండ్‌బ్రేక్ మీద నా చెయ్యి, దాని మీద మావయ్య చెయ్యి. దిగవే, నేనెక్కిస్తా అని ఇప్పుడంటాడు అనుకున్నాను. అంటే ఇవ్వకూడదు, ఆ కంటితో ఇవ్వకూడదు. ఇవ్వనని ఆయన మొహం మీద ఎలా చెప్పాలి.

మావయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేను చెప్పింది నా బండి సంగతే అమ్మాయ్. దీనికేం కావాలో నాకు తెలీదు. నీకు తెలుసు గదా, నువ్వు చెయ్యి" అన్నాడు.

ఆయన నోట తెలీదన్న మాట నేను అంతకుముందు వినలేదు. ముల్లుని రెండువేల దగ్గర నిలబెట్టాను. క్లచ్ సగం వదిలి, బండి ముందుకు గుంజడం కాళ్ళకి తెలిశాక హ్యాండ్‌బ్రేక్ దించాను. ఆ సగం క్లచ్ దగ్గర కాలు బిగబట్టాలి, పూర్తిగా వదిలితే టర్బో ఒక్క తోపు తోసి అవతల నీళ్ళలో పడేస్తుంది. పలకలు కిర్రుమన్నాయి. నాలుగు చక్రాలూ బల్లల మీదికొచ్చాయి. క్లచ్ కాలిన వాసన కొద్దిగా వచ్చింది.

దాటడానికి పావుగంట పట్టింది. ఆ రోజు కారుకి రెండొందలు తీసుకున్నారు, మీరు వెళ్ళేసరికి మారొచ్చు. మావయ్య దిగి, కమ్మీ పట్టుకుని, తల తిప్పి తిప్పి ఒడ్డునున్న మడ చెట్లు, వలలు, కొంగలు అన్నీ చూశాడు. తన ప్యాసింజర్లని ఒక్కొక్కళ్ళనీ తలచుకున్నాడు. పెళ్ళికొడుకు చెప్పులు నీళ్ళలో పడటం, పురిటి నొప్పులతో ఉన్న ఆవిడ కోసం పంటుని నడి ఏటి నుంచి వెనక్కి పిలిపించడం, అన్నీ చెప్పాడు. ఎండలో ఆయన తెల్ల చొక్కా రెపరెపలాడుతుంటే నాకు ఏడుపొచ్చింది, నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాను. ఎదురుమొండిలో ఊరు చివరిదాకా వెళ్ళి, కొబ్బరి బోండాలు తాగి, పన్నెండున్నరకి మళ్ళీ రేవుకొచ్చాం.

అవతల రేవులోనూ అదే కేక, డ్రైవరు తప్ప అందరూ దిగాలండీ. నేను మావయ్య వైపు చూడలేదు. తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మావయ్య దిగి, చెప్పులు సర్దుకుని, మామూలు ప్యాసింజరులా వెళ్ళి మోటారు సైకిళ్ళవాళ్ళ పక్కన నిలబడ్డాడు. రెండువేలు, సగం క్లచ్, హ్యాండ్‌బ్రేక్. ఒక్క దెబ్బకి ఎక్కింది. అద్దంలో చూస్తే మావయ్య పలకల వైపు చూడటం లేదు, పక్కనున్నాయనతో వానల గురించి మాట్లాడుతున్నాడు. శభాష్ అంటాడేమోనని ఎదురు చూశాను. లోపలికొచ్చి కూర్చుని ఏసీ తగ్గించమన్నాడు.

నాగాయలంకలో ఒకావిడ ఇంటి ముందు షెడ్డులో భోజనాలు పెడుతుంది. పండుగప్ప చేప పులుసు వేడిగా ఉంది, ఇద్దరికీ మూడొందల లోపే. పెద్దాయన ముల్లు చూసుకోలేకపోతున్నాడని గమనించి తనే ముక్క విప్పి పెట్టింది. ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. రెండింటికి అక్కడ బయల్దేరాం. ఆ రోజు బందరు నుంచి బందరుకి రెండొందల నలభై కిలోమీటర్ల లోపే అయింది, మైలేజీ లీటరుకి పదహారు వచ్చింది. టాప్ గేరు పిచ్చి వదిలాక నాకు తగ్గింది లీటరుకి ఒక కిలోమీటరే.

ఒకసారి నేర్పినవాళ్ళు, ఆ నేర్పింది ఇక పనికిరాదని ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు పలకల మీద తెలిసింది. నాకైతే ఆ టాక్సీ అంటే ఇప్పటికీ ప్రాణం. దాని డీజిల్ వాసన, రెక్సిన్ సీటు వేడి, కాలవ గట్టు మీద మావయ్య ఈల, ఇవన్నీ ఏ బండిలోనూ దొరకవు. చల్లపల్లి దాటాక పక్కన మ్యాట్ నలగడం ఆగిపోయిందని గమనించాను. కుడికాలు చెప్పులోంచి తీసి సీటు మీద మడత పెట్టుకున్నాడు మావయ్య. తల అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరిచి, గురక పెడుతున్నాడు. నేను నడిపే బండిలో.

చివరగా ఒక్క సలహా. టర్బో బండి దూరం నడిపాక టక్కున ఆపెయ్యకండి, లోపల వేడి తగ్గేదాకా ఒక నిమిషం ఇంజన్ అలా నడవనివ్వండి. గుడివాడలో మావయ్య ఇంటి ముందు ఆ సాయంత్రం నేను ఇరవై నిమిషాలు నడవనిచ్చాను. ఆపితే లేస్తాడని.