సైకిలు మీద మీటింగు

పలకలమెట్ట గ్రామ పంచాయతీకి ప్రెసిడెంటుతో కలిపి ఏడుగురు మెంబర్లు, మూడు కుర్చీలు. ఈ లెక్క ఆ ఊళ్ళో ఎవరికీ వింతగా తోచేది కాదు. ఏడుగురూ ఒకచోట కూర్చోవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు మరి. ప్రెసిడెంటు శివరామయ్య ఇంటి అరుగు మీద గుమాస్తా తీర్మానం రాసేవాడు. ఆ పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టి, సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని, బంట్రోతు సత్తార్ ఇంటింటికీ తిప్పేవాడు. మిరపచేలో ఉన్న మెంబరు చేలోనే, గొడ్ల దగ్గరున్న మెంబరు కొట్టంలోనే సంతకం చేసి పంపేవాడు. ఎవరైనా "మీటింగు అయిందా?" అని అడిగితే, "ఆ, పొద్దున మా ఇంటికొచ్చి పోయింది" అని జవాబు. ఇందులో ఎగతాళి ఏమీ లేదు. నిజంగానే ఆ ఊళ్ళో మీటింగు సైకిలు మీద తిరిగేది.

పల్నాడుకు ఉత్తరపు కొసన, కృష్ణకు ఇవతలి ఒడ్డున ఉన్న ఊరు అది. ఏటి అవతల నల్గొండ జిల్లా. నది మైలున్నర దూరంలోనే పారుతున్నా, ఊరు మెట్ట మీద ఉండటంతో తాగే నీళ్ళకు కటకట. తవ్వితే నాపరాయి తగిలే నేల. ఆ రాయి కొట్టుకుని బతికే వడ్డెర వాడ ఊరికి దూరంగా, క్వారీల పక్కన ఉండేది.

సత్తార్ తండ్రి అలీ సాహెబ్ ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఇళ్ళలోకి స్టీలు గిన్నెలు వచ్చాక ఆ పని పడుకుంది. ఆరో తరగతి చదివిన కొడుకును వెంటబెట్టుకెళ్ళి, అప్పటి ప్రెసిడెంటు కాళ్ళావేళ్ళా పడి, పంచాయతీలో బంట్రోతుగా పెట్టించాడు. అది డెబ్భై ఆరులో. అప్పటినుంచి ఎనభై నాలుగు దాకా, ఎనిమిదేళ్ళు, సత్తార్ పొద్దుగూకితే వీధి దీపాలు వేశాడు, తెల్లారితే ఆర్పాడు, బావుల్లో బ్లీచింగు చల్లాడు, ఎవరింట పురుడొచ్చినా పీనుగ లేచినా వెళ్ళి రాసుకొచ్చాడు. అన్నిటికన్నా అతనికి ఇష్టమైంది పుస్తకం తిప్పడం. వాన పడితే చొక్కా విప్పి పుస్తకానికి చుట్టి, తాను తడిసేవాడు. ఊరి సంగతులన్నీ తన హ్యాండిలుకు వేలాడుతున్నాయని లోపల్లోపల గర్వం. ఆ గర్వం వట్టి అమాయకత్వమని తర్వాత తెలిసింది గానీ, ఉన్నన్నాళ్ళూ అతన్ని బాగానే నడిపించింది.

ఎనభై ఒకటి ఎన్నికల్లో ఆడవాళ్ళ సీటు ఒకటి వడ్డెర వాడకు వచ్చింది. పోలమ్మ మెంబరయింది. నలభై దాటిన మనిషి, క్వారీలో పలకలు మోసేది. చదువు లేదు. మాట మాత్రం సుత్తి దెబ్బ.

ఆమె వేలిముద్ర కోసం సత్తార్ క్వారీకే వెళ్ళాలి. నోటీసుకో ముద్ర, తీర్మానానికో ముద్ర. ముద్ర వేయాలంటే ఆమె పని ఆపాలి, చెయ్యి కడగాలి, మళ్ళీ కడగాలి. మేస్త్రీ గొణిగేవాడు. ఒక డిసెంబరు పొద్దున ఆమెకు విసుగొచ్చింది.

"ఏందిరా తమ్ముడా, ఎప్పుడు జూసినా నా ఎంటబడతావు? ఆ కాగితాలన్నీ ఒక్కసారే ఏయించుకోరాదా?"

సంచిలో గుమాస్తా ఇచ్చిన నోటీసు కాగితాలు ఉన్నాయి. ఇంకా తేదీలు పడలేదు. పాపం, పొద్దంతా రాయి మోసే మనిషిని మాటిమాటికీ ఆపడం ఎందుకని, సత్తార్ మూడు కాగితాల మీద మూడు ముద్రలు వేయించుకున్నాడు. ఆమె ఎడమ బొటనవేలు తానే పట్టుకుని, జాగ్రత్తగా, చెదిరిపోకుండా అద్దించాడు. పనిలో పని, ఇంకు మరక పోవడానికి తన దగ్గరున్న గుడ్డముక్క కూడా ఇచ్చాడు. మంచిపని చేశాననుకుంటూ తిరిగి వచ్చాడు.

కొత్త సంవత్సరం రాగానే ఊరికి ఒక బోరు మంజూరైంది. ఎక్కడ వేయాలో పంచాయతీ తీర్మానించి పంపాలి. ప్రెసిడెంటు తన బావమరిది కల్లం ముందు వేయించాలని చూశాడు. పోలమ్మ ఒప్పుకోలేదు, వాడలో వేయాలంది. పుస్తకం తెచ్చిన సత్తార్‌ను నిలబెట్టి, "ఇందులో ఏం రాసుందో సదువు" అంది. అతను చదివాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా ఆడోళ్ళు క్వారీ గుంటలో పాచినీళ్ళు ముంచుకుని తాగుతుంటే, ఆయన బావమరిదికి బోరా? ఇయ్యను. పోయి చెప్పు."

ఆమె వెనక మెంబర్లు జీవరత్నం, చిన్నకోటయ్య నిలబడ్డారు. అంకమ్మరావు ఏ ఎండకా గొడుగు పట్టే రకమైనా, అతని చేను వాడ పక్కనే ఉంది కాబట్టి ఈసారి గొడుగు అటు పట్టాడు. నలుగురు అటు, ముగ్గురు ఇటు. పోలమ్మ ఒక్కతి తప్పుకుంటే ముగ్గురికి ముగ్గురు సమానం, అప్పుడు తేల్చే రెండో ఓటు ప్రెసిడెంటుది. శివరామయ్య చదువుకున్నవాడు, ఈ లెక్క వేసుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

మార్చి నెలాఖరున గుమాస్తా ఒక కాగితం ఇచ్చి, "ఇది పోలమ్మకు ఇచ్చి రా" అన్నాడు. సత్తార్ క్వారీలో నిలబడి దాన్ని ఆమెకు చదివి వినిపించాడు. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగిన మూడు సమావేశాలకు, నోటీసు అందుకుని కూడా హాజరు కానందువల్ల, ఆమె సభ్యత్వం రద్దవుతుందని అందులో ఉంది. చెప్పుకోవాల్సింది ఉంటే విచారణలో చెప్పుకోవచ్చట.

"ఏ మీటింగులురా?" అంది పోలమ్మ. "నాకెవరు జెప్పారు?"

కాగితం వెనక నోటీసుల నకళ్ళు కుట్టి ఉన్నాయి. అసలువి ఆఫీసులో ఉన్నాయని, మూడింటి మీదా మెంబరు వేలిముద్ర ఉందని రాసి ఉంది. సత్తార్ తేదీలు ఇంకోసారి చదివాడు. డిసెంబరులో తాను అంత శ్రద్ధగా అద్దించిన ముద్రలు అవి. అక్కడే ఒక పలక మీద కూర్చుండిపోయాడు.

"అక్కా, నేనే నిన్ను ముంచినా" అన్నాడు.

విషయం అర్థమయ్యాక ఆమె తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. సత్తార్ తల వంచుకుని అన్నీ తిన్నాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, ఎడం చేత్తో కొంగు లాక్కుని ముఖం తుడుచుకుంది. ఆ చేతికి బొటనవేలు సగమే ఉంది. జనవరి చివర్లో పలక జారిపడి పై కణుపు నలిగిపోయింది. పిడుగురాళ్ళ ఆసుపత్రిలో తీసేశారు. ఆ రోజు నెత్తురు కారే చేతితో ఉన్న ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బస్సు రోడ్డు దాకా తొక్కింది సత్తారే. అతను ఆ వేలి వంక చూశాడు, కాగితం వంక చూశాడు. లేచి వెళ్ళిపోయాడు.

విచారణకు ముందురోజు శివరామయ్య పిలిపించాడు. కసురుకోలేదు. అరుగు మీద కూర్చోమన్నాడు, ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

"ఒరేయ్ సత్తారూ, ఆఫీసరు అడిగితే ఒకటే మాట. నోటీసు ఏ రోజుది ఆ రోజు ఇచ్చాను, ఆమె వేలిముద్ర ఏసింది. అంతే. నీ ఉద్యోగం పర్మినెంటు చేయించే పూచీ నాది."

సత్తార్ ఇంటికొచ్చి భార్య మైమూనాకు చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ఏందయ్యా, ఇద్దరాడపిల్లలు. కొరివితో తల గోక్కుంటావా?" అంది. చేట కింద పెట్టి, "ఆ గుంట నీళ్ళు నువ్వెప్పుడన్నా తాగినావా?" అని అడిగింది. అతను తాగలేదు. "నేను తాగినా, ఒకసారి" అని మళ్ళీ రాళ్ళు ఏరుకోసాగింది. ఏం చేయమని మాత్రం చెప్పలేదు. సత్తార్‌కు ఆమె మీద కోపం కూడా వచ్చింది, తేల్చి చెప్పనందుకు.

గురజాల నుంచి పంచాయతీల ఆఫీసరు జీపులో వచ్చి బడి వరండాలో కూర్చున్నాడు. ఊరంతా చేరింది. మూడు నోటీసులూ బల్ల మీద పరిచి, సత్తార్‌ను పిలిచాడు.

"ఈ నోటీసులు నువ్వే ఇచ్చావా?"

"ఇయ్యలేదు సార్."

శివరామయ్య మెడ ఇటు తిరిగింది.

"మరి ఈ వేలిముద్రలు?"

"నేనే ఏయించినా సార్. డిసెంబరులో, మూడూ ఒకే పూట, క్వారీలో. అప్పుడు తేదీలు లేవు. తప్పు నాది."

"బంట్రోతును ఎవరో తిప్పుకున్నారు సార్" అన్నాడు శివరామయ్య. "ఆమె మొన్న మార్చిలో కూడా ముద్ర ఏసింది. చూడండి, ఎంత స్పష్టంగా ఉందో."

"నిజమే సార్, చానా స్పష్టంగా ఉంది" అన్నాడు సత్తార్. "అక్కా, నీ చెయ్యి సారుకు చూపియ్యి."

పోలమ్మ ముందుకొచ్చి ఎడం చెయ్యి బల్ల మీద పెట్టింది. ఫిబ్రవరి నోటీసు మీద, మార్చి నోటీసు మీద ఎడమ బొటనవేలి నిండు గీతలు నల్లగా మెరుస్తున్నాయి. పక్కన ఆమె మొండి వేలు. వేలు ఎప్పుడు పోయిందో ఆమె కొంగున కట్టుకొచ్చిన ఆసుపత్రి చీటీ చెప్పింది. ఆఫీసరు ఆ చీటీని నోటీసుల పక్కన పెట్టి తేదీలు సరిచూశాడు. తర్వాత పంచాయతీ గది తలుపు తీయించి లోపలికి తొంగిచూశాడు.

"ప్రెసిడెంటు గారూ, మూడు మీటింగులు జరిగాయన్నారు. మూడు కుర్చీలున్నాయి. మిగతావాళ్ళు ఎక్కడ కూర్చున్నారు?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మెంబర్లు నవ్వలేదు. మూడు నెలల హాజరు పట్టీలో వాళ్ళ సంతకాలూ ఉన్నాయి, జీవరత్నంవి, చిన్నకోటయ్యవి కూడా. తిలా పాపం తలా పిడికెడు. పోలమ్మ పదవి నిలబడింది. వెళ్ళబోతూ ఆఫీసరు గట్టిగానే చెప్పాడు, ఇకనుంచి చిన్నదైనా పెద్దదైనా ఏడుగురూ కూర్చుని, చేతులెత్తి తీర్మానించాలని.

శివరామయ్య ఆ మాటను అక్షరాలా పాటించాడు. వారం తిరక్కుండా మీటింగు నోటీసు వచ్చింది. సత్తార్ ఇంటింటికీ తిరిగి చదివి వినిపించాడు. చివరికి క్వారీకి వెళ్ళాడు.

"మొదటి అంశం, బోరు ఎక్కడ ఏయాలనేది. రెండో అంశం..." అతను ఆ వరుస మీద వేలు పెట్టాడు. "రెండో అంశం, విధుల్లో అశ్రద్ధ చూపిన బంట్రోతు సత్తార్‌ను తొలగించడం."

పోలమ్మ నెత్తిమీది పలక దించింది. "నిన్ను తీసేసే కాగితం నువ్వే తెచ్చినావా?"

"నోటీసు ఇయ్యటం నా పని గందా అక్కా."

మీటింగుకు బడి నుంచి బెంచీ తెప్పించారు. పోలమ్మ కుర్చీలో కూర్చుంది. వాడ ఆడవాళ్ళు కిటికీ దగ్గర గుమిగూడారు. బోరు సంగతి వచ్చినప్పుడు నాలుగు చేతులు లేచాయి, వాడలోనే వేయాలని. కిటికీ అవతల ఈలలు. రెండో అంశం వచ్చినప్పుడు పోలమ్మ, జీవరత్నం, చిన్నకోటయ్య వద్దన్నారు. అంకమ్మరావు నేల చూపులు చూస్తూ ప్రెసిడెంటు వైపు చెయ్యెత్తాడు. "ఆఫీసరు ముందు పెద్దమనిషి పరువు తీసేవాడు రేపు మనదీ తీస్తాడు" అని గొణిగాడు. ఇక్కడా నలుగురే.

గుమాస్తా రెండు తీర్మానాలూ ఒకే పేజీలో రాశాడు. సంతకాలన్నీ కిందే చేయాలి. సత్తార్ ఎప్పటిలాగే పుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ వెళ్ళాడు. పోలమ్మ దగ్గరికొచ్చేసరికి ఆమె రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

"ఇయ్యను. నీ కూడు పడగొట్టే కాగితం మీద నా ఏలు పడదు."

"బోరు కూడా దాని మీదే ఉందక్కా. ఒప్పుకోకపోతే, ఒప్పుకోలేదని రాయించు, రాస్తారు. మీటింగు జరిగిందని మాత్రం ముద్ర ఏయి. ఈసారి నిజంగా జరిగింది గందా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికీ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. రెండోది తాను ఒప్పుకోలేదని గుమాస్తాతో రాయించి, చదివించుకుని, అప్పుడు కుడిచెయ్యి చాపింది. సత్తార్ ఆ బొటనవేలు పట్టుకుని, ఇంకు పెట్టె మీద అద్ది, పేజీ అడుగున ఒత్తాడు. చెదరలేదు. ఎనిమిదేళ్ళుగా అతను మోసిన పుస్తకంలో, అబద్ధం లేని పేజీ అదొక్కటే.

సంచీ, బీరువా తాళంచెవి, వీధి దీపాల తాళంచెవి గుమాస్తాకు అప్పగించాడు. సైకిలు కూడా పంచాయతీదే. దాన్ని గోడకు ఆనించి, నడిచి ఇంటిదారి పట్టాడు. పోలమ్మ వెనకాలే వచ్చి కలుసుకుంది.

"రేపటి నుంచి నాకు కాగితం సదివి చెప్పేదెవరురా?" అంది ఆమె.

"ఎవడు తెచ్చినా వాడి చేతే సదివించు. సదివేదాకా ఏలు ఇయ్యబాక" అన్నాడు సత్తార్. "నేను అడిగినా సరే."