రెండో అరలో పులుసు డబ్బా

మా ఫ్రిజ్ అమ్మేద్దామని మా ఆయన మూడేళ్ళుగా పోరుతున్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. బల్బులు మార్చాం, ఫ్యాన్లు మార్చాం, వాషింగ్ మెషీన్‌ని వానాకాలం తప్ప ముట్టుకోవడం మానేశాం. అయినా కరెంటు బిల్లు వచ్చిన ప్రతిసారీ కిందటిసారి కంటే బరువుగానే వస్తోంది. మెకానిక్ ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూసి, "దీని కంప్రెసర్ బుడ్ఢా అయిపోయింది భాభీ. ఇంట్లో సగం కరెంటు ఇదే తాగేస్తంది" అని తేల్చేశాడు. నేను ఏదో ఒక సాకు చెప్పి దాన్ని కాపాడుకుంటూ వచ్చాను. అసలు కారణం మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆ ఫ్రిజ్ సునామీకి రెండేళ్ళ ముందు మా ఇంటికొచ్చింది. ఈ దీవుల నుంచి మెయిన్‌లాండుకి బదిలీ అయిన ఒక ఆఫీసరు సామాన్లన్నీ అమ్మేసుకుంటుంటే, ఆ ఇంటి వైరింగ్ పని చేసిన పరిచయంతో మా ఆయన తక్కువలో తెచ్చారు. ప్రోతరాపూర్‌లో మేముండే వరసలో ఐదిళ్ళకీ అదే మొదటి ఫ్రిజ్. పక్కింటివాళ్ళ పాలు, ఎదురింటివాళ్ళ చేపముక్కలు, ఎవరింట్లో చుట్టాలొస్తే వాళ్ళ నీళ్ళ సీసాలు, అన్నీ మా ఇంట్లోనే. పైకి విసుక్కునేదాన్ని గానీ, లోపల నాకది గొప్పగానే ఉండేది.

సునామీ రోజు పొద్దున్న భూమి ఊగిపోయి మా గోడలు బీటలు వారాయి. మాది ఎత్తు కాబట్టి సముద్రం మాదాకా రాలేదు. తర్వాత కొన్ని నెలలకి మా వెనక గదిలోకి ఒకావిడ అద్దెకి దిగింది. దక్షిణాన చిట్టచివరి దీవిలో ఉన్న కాంప్‌బెల్ బే నుంచి ముందు సునామీ బాధితుల క్యాంపుకి, క్యాంపు నుంచి మా వరసకి వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ బిడ్డ, మన తెలుగావిడే. అయినా ఇక్కడి అలవాటు కొద్దీ అందరికీ దీదీ అయిపోయింది. నాలుగిళ్ళలో వంట చేసి బతికేది. ఆ పొద్దున్న ఒడ్డునున్న కొబ్బరి తోటకి వెళ్ళిన భర్త మళ్ళీ కనబడలేదు. శవమూ దొరకలేదు. ఎవరో అలాంటి మనిషిని హెలికాప్టర్ ఎక్కించడం చూశామన్నారట. ఆవిడకి ఆ మాట చాలు.

కాంప్‌బెల్ బే నుంచి షిప్పు వచ్చే రోజున దీదీ తెల్లారకముందే లేచి చేపల పులుసు పెట్టేది. మూత సొట్టపడిన స్టీలు డబ్బాలో పోసి, మా ఫ్రిజ్ రెండో అరలో ఎడం పక్కన పెట్టి జెట్టీకి వెళ్ళేది. "ఆయనకి నిలవ పులుసైతేనే ఇష్టమమ్మా" అనేది. షిప్పు దిగినవాళ్ళందర్నీ చూసి, సామాన్లు దించడం కూడా అయ్యాక తిరిగొచ్చేది. డబ్బా తియ్యకుండా మళ్ళీ వచ్చే షిప్పుదాకా అలాగే ఉంచేది. సముద్రం బాగోక షిప్పు ఆలస్యమైతే డబ్బా కూడా అన్నాళ్ళూ ఉండేది. కొత్త డబ్బా పెట్టే రోజున పాతది వెచ్చబెట్టుకుని తను తినేసేది. మధ్యలో అప్పుడప్పుడూ వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, ఆ డబ్బా వైపు చూస్తూ నిలబడేది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నేనేమీ అనేదాన్ని కాదు, మొదట్లో.

అప్పుడే రేట్లు పెంచారు. ఇక్కడ కరెంటంటే డీజిలు, డీజిలంటే షిప్పులో రావాలి, ధర పెరగక చస్తుందా అని మా ఆయన తేలిగ్గా అనేవారు. నాకు మాత్రం పిచ్చి పట్టింది. పాత మీటరులో తిరిగే చక్రం మీద ఎర్రగీత ఒకటి ఉండేది. వరండాలో నిలబడి ఆ గీత ఎంతసేపటికి మళ్ళీ కనబడుతుందా అని చూసేదాన్ని. ఎవరు గది దాటినా వాళ్ళ వెనకే వెళ్ళి స్విచ్చి కట్టేసేదాన్ని. నోటికి ఒకటే మాట, మీటరు తిరుగుతోంది, మీటరు తిరుగుతోంది అని. నా నోరు మంచిది కాదని మా అమ్మ ఊరికే అనలేదు.

ఒక మధ్యాహ్నం దీదీ అలాగే తలుపు తీసి నిలబడింది. బిల్లు ఆ పొద్దున్నే వచ్చింది. "దర్వాజా బంద్ చెయ్యి దీదీ. మీటరు తిరుగుతోంది. బిల్లు కట్టుకునేది మేము" అన్నాను.

"అయ్యో, మరిసిపోనానమ్మా" అని చటుక్కున మూసేసింది. మొహంలో ఏమీ లేదు. సాయంత్రం నేను నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి రెండో అరలో డబ్బా లేదు. మర్నాడూ లేదు, వచ్చే షిప్పుకీ లేదు. నేను వెళ్ళి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అహం అడ్డొచ్చింది. కొన్నాళ్ళకి దీదీ గది ఖాళీ చేసి, సముద్రపాయకి అవతల ఉన్న బాంబూఫ్లాట్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది, మా తలుపు తీసేవాళ్ళే లేకుండా పోయారు. అందరి డబ్బాలూ పోయినా నాకు గుర్తొచ్చేది ఆ సొట్టమూతే. రెండో అరలో ఎడం పక్కన నేనిప్పటికీ ఏమీ పెట్టను. ఎప్పటికైనా ఆవిడ డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వస్తుందని నా ఆశ. ఫ్రిజ్ మారిపోతే ఆ చోటు కూడా పోతుందని భయం.

మొన్న మా ఆయన ఇంక వినలేదు. కొత్త ఫ్రిజ్‌కి మాట్లాడేశానన్నారు. ఆ మర్నాడే నేను చాతం జెట్టీకి వెళ్ళి ఫెర్రీ ఎక్కాను. క్షమించమని అడగాలి, అంతే. బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర టిఫిన్ బండి పెట్టిందని విన్నాను. తేలిగ్గానే దొరికింది. జుట్టంతా నెరిసిపోయింది.

"ఏటే, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అంటూ స్టూలు లాగి కూర్చోబెట్టింది. దోసె వేసిచ్చింది. ఊరికే మాట కోసం, ఫ్రిజ్ కొనలేదా దీదీ అన్నాను. "ఎందుకే? ఏ పూటది ఆ పూటే. బిల్లెవుడు కడతాడు?" అని నవ్వింది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నేను దోసె పక్కన పెట్టాను.

"ఆ రోజు నేనన్న మాట..." అన్నాను.

కాసేపు ఆలోచించింది. "ఓ, అదా! ఆ దినం డబ్బా గదిలోకి తెచ్చేసానా, తెల్లారేసరికి పులుసు పాసిపోనాది. షిప్పుకి ఇంకా మూడు దినాలుంది. పారబోసి డబ్బా తోమేసాను. మరి వొండలేదు. వొండలేదు గదాని జెట్టీకీ ఎల్లలేదు. నీ మీద కోపం లేదమ్మా నాకు, సచ్చీ."

"నేనా మాట అనకపోతే?"

పెనం మీద నీళ్ళు చల్లి తుడిచింది. "ఇంకా వొండుతూనే ఉందును కామోసు" అంది. మంచిదైందని అందో, అన్యాయం చేశావని అందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. తనే నా వీపు నిమిరింది.

ఫెర్రీ టైమైందని లేస్తుంటే ఒక డబ్బా చేతిలో పెట్టింది. మూత మీద అదే సొట్ట. "పొద్దున్న పెట్టిన పులుసు. ఉందిగా నీ డొక్కు ఫ్రిజ్? అందులో పెట్టు. రేపటికి బాగుంటాది."

ఇంటికొచ్చి రెండో అరలో ఎడం పక్కన పెట్టాను. తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. దీదీ ఏం చూసేదో నాకు అప్పుడు కనబడింది. లోపల చల్లగా, పాడవకుండా, ఒక మనిషి కోసం ఆగి ఉన్న పులుసు.

"ఎంతసేపు తీసి ఉంచుతావు? మీటరు తిరుగుతోంది!" ముందు గదిలోంచి మా ఆయన, నవ్వుతూనే. ఈ ఇంట్లో ఏళ్ళ తరబడి నేను అందరి మీదా విసిరిన మాట, నాకే తిరిగొచ్చింది.

"తిరగనివ్వండి" అన్నాను. ఆ రోజు దీదీతో అనాల్సిన మాట అది.