బజారుదాకా వెళ్ళిన తమ్ముడు

పరాయి దేశంలోని ఆ పెద్ద హోటల్ లాండ్రీలో మనవాళ్ళందరూ అతన్ని మడతల మామ అనేవారు. దుప్పటి ఎంత పెద్దదైనా సరే, అతని చేతిలో పడిందంటే అంచుకు అంచు కలిసి బల్ల మీద బుద్ధిగా కూర్చునేది. ఇస్త్రీ యంత్రాల ఆవిరి, సబ్బునీళ్ళ ఘాటు, పొద్దస్తమానం హోరెత్తే మోటార్లు, వీటి మధ్యే అతని వయసంతా కరిగిపోయింది. అరిస్తే తప్ప వినపడని చోటు కాబట్టి మాటలు తగ్గించుకున్నాడో, పుట్టుకతోనే మాటకారి కాడో చెప్పడం కష్టం. అక్క సంగతి వస్తే మాత్రం ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

"మా అక్క చంకనేసుకుని పెంచింది నన్ను" అని మొదలుపెట్టగానే, పనివాళ్ళ గదిలో పక్క మంచం వాడు దుప్పటి ముసుగు తన్నేవాడు. "తెలుసు మామా. ఆవిడ చంక కాయ కాచింది కూడా. ఇక పడుకో."

వాడు వేళాకోళానికి అన్నా, అందులో అబద్ధమేం లేదు. తల్లి పురిట్లోనే పోతే, తనే ఇంకా గౌనుల్లో తిరిగే అక్క అతన్ని ఎత్తుకుంది. అతను బళ్ళో చేరిన కొత్తల్లో అక్కకు మొదటిసారి ఓటొచ్చింది. తమ్ముణ్ణి ఎక్కడ వదిలిపెడుతుంది? వెంటబెట్టుకునే వెళ్ళింది. అక్క వేలికి సిరా చుక్క పెట్టగానే వీడు తన వేలూ చాపాడు. పెద్దయ్యాక రావోయ్ అని అక్కడి ఉద్యోగి బుగ్గ గిల్లితే, ఇల్లు చేరేదాకా ఒకటే రాగం. అక్క వేలిని తడిచేసి తన వేలికి రుద్దుకుని కూడా చూశాడు. అంటితేనా.

"ఏడవకురా. నీకు వయసొచ్చాక ఇద్దరం కలిసే వెళ్దాం. ముందు నువ్వెయ్యి, నీ వెనకాల నేనేస్తా. సరేనా?" అంది అక్క.

సరేనన్నాడు. వయసొచ్చింది, జాబితాలో పేరూ ఎక్కింది. తీరా పోలింగ్ రాకముందే ఏజెంటు వీసా పట్టుకొచ్చాడు. అప్పట్నుంచి అతని సెలవులూ ఓట్లూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. హోటల్లో జనం పలచబడ్డప్పుడే లాండ్రీవాళ్ళకు సెలవు. ఈ హోటల్ ఖాళీ చూసుకుని ఎన్నికలు పెట్టాలని ఏ ప్రభుత్వానికి తోస్తుంది చెప్పండి? ఓటు వేసొచ్చిన ప్రతిసారీ అక్క ఫోన్ చేసి, "ఈసారీ నేనే ముందు వేసేశానురా" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు ఇతనికి ముల్లులా గుచ్చుకునేది.

తర్వాత ఉన్న పేరు కూడా పోయింది. ఇంటింటికీ తిరిగి మనుషుల్ని సరిచూసుకునేవాళ్ళు వచ్చి, మీ తమ్ముడెక్కడమ్మా అని అడిగితే, అక్క గొప్పగా చెప్పింది: విదేశంలో పెద్ద హోటల్లో పనిచేస్తున్నాడని. వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇచ్చి మరీ చెప్పింది. వాళ్ళు తాగి, అయితే ఇక్కడ లేడన్నమాట అని కొట్టేసి పోయారు. ఆ సంగతి తెలిసిన రోజు అక్క ముద్ద ముట్టలేదు. "నా నోటితో నేనే కొట్టేయించానురా. ఇక ఎవడొచ్చి అడిగినా నోరు జారితే ఒట్టు" అంది ఫోన్లో. పోనీలే అక్కా అని ఊరుకోబెట్టాడు గానీ, ఆ పూట అతని మడతలు కూడా కుదరలేదు.

ఇలా ఉండగా మేనకోడలు ఫోన్ చేసింది. అక్క కూతురు, మందుల షాపులో పనిచేస్తుంది, మాట కరుకు, మనసు వెన్న. "మావయ్యా, అమ్మకి ఊపిరి అందడం లేదు. నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోతోంది. డాక్టరు తేల్చి చెప్పడు, నన్ను చూసి తల వంచుకుంటాడు. ఈసారి ఓట్లకి నువ్వు రావాలి. వచ్చేసారి అనకు. ఆ మాట అనే ధైర్యం నాకు లేదు."

అతను వస్తానన్నాడు. పేరు సంగతి అడిగితే, విదేశాల్లో ఉన్నవాళ్ళకు వేరే దరఖాస్తు ఉందట, ఇంటర్నెట్లో పెట్టుకోవచ్చట, సులువేనట అంది మేనకోడలు. ఆ సులువనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళని ఒక్క పూట ఆ దరఖాస్తు ముందు కూర్చోబెట్టాలి.

పాస్‌పోర్టు ప్రతి కావాలంది. పాస్‌పోర్టేమో మేనేజర్ బీరువాలో. మనిషి చేతికిస్తే పారిపోతాడని ఆయన భయం. ఓటు కోసమండీ అంటే, ఓటుకి పాస్‌పోర్టెందుకని నవ్వాడు. నిజమే, ఆ ప్రశ్న ఇతనికీ వచ్చింది, అడగడానికే ఎవరూ దొరకలేదు. కాళ్ళావేళ్ళా పడితే ఆయన తన ఎదుటే ప్రతి తీయించి మళ్ళీ లోపల పెట్టి తాళం వేశాడు. ఇక ఫోటో. వెనక తెల్లగా ఉండాలట. తెలుపుకేం కరువు, బతుకంతా తెలుపే. ఒక దుప్పటిని ముడత లేకుండా ఇస్త్రీ చేసి, గోడకు వేలాడదీసి, దాని ముందు నిలబడ్డాడు. పక్క మంచం వాడు తీశాడు. "కాస్త నవ్వు మామా, ఓటుకి పోతున్నావు, ఉరికి కాదు." దరఖాస్తు ఆ ఫోటో పెద్దదైందంది. తగ్గిస్తే చిన్నదైందంది.

అన్నిటికంటే పెద్ద తంటా ఆ ఓటీపీ అనే రహస్య అంకెలది. అవి సొంత దేశపు నంబరుకే వస్తాయి. అతని పాత నంబరు, అక్క బీరువా సొరుగులో ఉన్న పాత ఫోన్లో ఉంది. మధ్యాహ్నం భోజనం వేళ ఇతనిక్కడ బట్టల మూటల మధ్య కూర్చుని నొక్కాలి, మేనకోడలు అక్కడ ఆ ఫోన్ పట్టుకుని అంకెలు చదవాలి. ఆ పిల్ల చదివి, మోటార్ల హోరులో ఇతను మళ్ళీ అడిగి, వేలితో వెతికి నొక్కేసరికి గడువు ముగిసినదని వచ్చేది. మళ్ళీ మొదటికి. ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒకరోజు దరఖాస్తు అందినదని వచ్చింది. ఇతను లేచి నిలబడి ఆ ఫోన్‌ని రెండు చేతులా కళ్ళకద్దుకున్నాడు. మేనకోడలు పాత ఫోన్‌ని సొరుగులో పడేసి హమ్మయ్య అనుకుంది.

దాన్ని పడేయకుండా ఉండాల్సింది. కానీ ఎవరికి తెలుసు?

పాస్‌పోర్టులో ఉన్న చిరునామాకు మనిషి వచ్చి విచారిస్తారని దరఖాస్తులోనే ఉంది. వచ్చింది కూడా. ఆ వీధి ఓట్ల పని చూసే టీచరమ్మ. మేనకోడలు షాపులో ఉంది, ఇంట్లో అక్క ఒక్కతే. ఆ సాయంత్రం అక్క గొంతులో ఎన్నాళ్ళకో హుషారు వినిపించింది. "టీచరమ్మ వచ్చిందిరా. ఎలా చెప్పాలో అలా చెప్పాను. ఏదో రాసుకుని వెళ్ళింది. నీ పేరు ఎక్కినట్టే, నువ్వు బయల్దేరు."

ఎలా చెప్పావక్కా అని అడగాలని అతనికి తోచలేదు. విచారణ అయిందంటే పని అయిందనే అందరూ అనుకున్నారు. పక్క మంచం వాడు తన సెలవు ఇతని కోసం వదులుకున్నాడు. "పో మామా. మీ అక్కతో నా పేరు కూడా చెప్పు" అన్నాడు.

ఇంటికి చేరేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చి ఉంది. గుమ్మం పక్కన తన పాత చెప్పులు కనిపించాయి, పోయిన సెలవులో వదిలి వెళ్ళినవి. దుమ్ము లేకుండా తుడిచి, వేళ్ళవైపు వీధికి పెట్టి ఉన్నాయి. తీగమీద తన గళ్ళ చొక్కా ఆరేసి ఉంది. ఎవరు తొడుక్కున్నారో, ఎందుకు ఉతికారో అడిగేలోగా అక్క ఎదురొచ్చింది. వచ్చిందంటే, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయింది. సగమైపోయింది మనిషి. తనని మోసిన చేతులు అలా పుల్లల్లా వేలాడుతుంటే చూడలేక అతను వంగి బ్యాగు సర్దుకుంటున్నట్టు నటించాడు.

పోలింగ్ రోజు పొద్దున్నే అక్క మంచి చీర కట్టుకుంది. బడి దాకా ఆటోలో వెళ్ళారు. వరండాలో బెంచీ మీద అక్కనూ మేనకోడల్నీ కూర్చోబెట్టి, అతను పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని చీటీలిచ్చే బల్ల దగ్గరికి వెళ్ళాడు. సెలవుకని మేనేజర్ బీరువా తాళం తీసి ఇచ్చాడు కాబట్టి అది అతని చేతిలో ఉంది. బల్ల వెనక టీచరమ్మే ఉంది. పేరు చెప్పాడు. ఆవిడ జాబితా పైనుంచి కిందకి, కిందనుంచి పైకి వెతికింది. చిరునామా చెప్పగానే కళ్ళద్దాలు పైకి జరుపుకుంది.

"మీరేనా ఆవిడ తమ్ముడు? మీ దరఖాస్తు తీసేశారండీ. మెసేజ్ వచ్చి ఉండాలే, దరఖాస్తులో ఇచ్చిన నంబరుకి."

"ఆ ఫోన్ సొరుగులో ఉందండీ, చూడలేదు. ఎందుకు తీసేశారు?"

"అది విదేశాల్లో ఉన్నవాళ్ళకి కదా. మీరేమో ఇక్కడే ఉంటున్నారు."

"నేను అక్కడే ఉంటానండీ. ఇదిగో పాస్‌పోర్టు, వీసా. మొన్ననే వచ్చాను."

టీచరమ్మ పేజీలు తిప్పింది. ఆవిడ మొహం మారిపోయింది. "అయ్యో. మరి మీ అక్కగారు అలా చెప్పారేంటండీ? తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు, ఇప్పుడే బజారుదాకా వెళ్ళాడు అన్నారు. గుమ్మంలో చెప్పులు చూపించారు. ఇంకో జత వేసుకెళ్ళాడన్నారు. తీగమీద చొక్కా చూపించారు. రెండోసారి వెళ్ళినా బజారుకే వెళ్ళాడన్నారు. నేను అదే రాశాను. అబద్ధం రాయలేను కదండీ."

"పోనీ, ఇక్కడుండేవాళ్ళ జాబితాలో వేసేయండి."

"అందులో పోయినసారే తీసేశారు. విదేశంలో ఉన్నారని." ఆ మాట అంటూ ఆవిడే తల దించుకుంది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

అక్కడున్నాడని ఇక్కడ కొట్టేశారు, ఇక్కడున్నాడని అక్కడ కొట్టేశారు. మనిషి మాత్రం నిండా ఆరడుగులు, బల్ల ముందు నిలబడి ఉన్నాడు. అతను పాస్‌పోర్టును జేబులో పెట్టుకుని, మొహాన నవ్వు తెచ్చుకుని వెనక్కి తిరిగాడు. కంప్యూటర్ తప్పు అని చెబుదామనుకున్నాడు. అక్క బెంచీ మీద లేదు, అతని వెనకే నిలబడి ఉంది. మేనకోడలి భుజం పట్టుకుని ఎప్పుడు లేచి వచ్చిందో, అంతా వింది.

"నిజం చెప్తే కొట్టేశారు. అబద్ధం చెప్తే కొట్టేశారు" అంది, ఎవరితోనో అన్నట్టు. "మరి ఏం చెప్పాలి నేను?"

"నీ తప్పేం లేదక్కా. దరఖాస్తు ఎలాంటిదో నీకు చెప్పలేదు మేము. నువ్వు వెళ్ళి వేసి రా."

"ముందు నువ్వన్నాను కదరా" అంది. వయసు మళ్ళిన మనిషి, ఊపిరి అందక ఆగి ఆగి, చిన్నపిల్లలా ఏడ్చింది. వరసలో ఉన్నవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. ఓటు వేసి బయటికొచ్చి, సిరా పెట్టిన వేలిని కొంగులో దాచుకుంది. ఇంటిదాకా ఆ చెయ్యి బయటికి తీయలేదు.

గుమ్మం దగ్గర ఆటో దిగాక లోపలికి వెళ్ళలేక మెట్టుమీద కూర్చుండిపోయింది. అతను ఆ చెప్పులు చూశాడు. ఎక్కడలేని కోపం వచ్చింది వాటిమీద. తీసి పారేద్దామని వంగాడు.

"ఉండనీరా. టీచరమ్మ కోసం పెట్టినవి కావవి" అంది అక్క. "ఆవిడ వచ్చి చూసింది, అంతే. నువ్వెళ్ళిన రోజునుంచీ అక్కడే ఉన్నాయి. రోజూ ఊడ్చేటప్పుడు తీస్తాను, మళ్ళీ పెడతాను. చొక్కా కూడా అంతే, మాసినా మాయకపోయినా ఉతికి ఆరేస్తాను. బజారుకెళ్ళాడు, వచ్చేస్తాడు అనుకుంటే పూట గడుస్తుందిరా. ఆవిడ అడిగేసరికి రోజూ అనుకునే మాటే వచ్చేసింది. అబద్ధం ఆడుతున్నానని నాకు అనిపించనే లేదు."

అతను ఆమె పక్కన మెట్టుమీద కూర్చున్నాడు. చాలాసేపు ఏడ్చాడు. ఆమె కొంగులోంచి చెయ్యి తీసి అతని వీపు నిమిరింది. మేనకోడలు లోపల గిన్నెలు సర్దుతున్నట్టు చప్పుడు చేస్తూ వంటింట్లోనే ఉండిపోయింది.

సెలవు ఎంతో లేదు. వెళ్ళే రోజున కారు వీధి చివర ఆగింది. బ్యాగు ముందే పంపించేశాడు, ఆమె కళ్ళ పడకుండా. అక్క గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ పాదాలకు దణ్ణం పెట్టబోతే ఒప్పుకోలేదు, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసుకుంది.

"ఎక్కడికిరా?" అంది.

మేనకోడలు ఉలిక్కిపడి చూసింది. అమ్మ మతి తప్పిందేమోనని భయపడింది. అతనికి మాత్రం ఆ కళ్ళు చూడగానే అర్థమైంది.

"బజారుదాకా అక్కా. ఇప్పుడే వచ్చేస్తా."

"సరే. త్వరగా రా" అని, అక్క వంగి, ఆయాసపడుతూ, అతను విడిచిన పాత చెప్పుల్ని వీధివైపు తిప్పి పెట్టింది.