చాప మీద మనవరాలి వంతు

నిన్న సాయంత్రం మా వీధి చివరి ఇంట్లో ప్రార్థనకు వెళ్లాను. వంతులవారీగా బైబిలు వాక్యం చదువుతుంటే ఆ ఇంటి చిన్నపిల్లవాడు ఒక మాట దగ్గర ఆగిపోయాడు. చుట్టూ కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా ఆ మాట అందించారు. వాడు నవ్వేసి ముందుకు పోయాడు, వాళ్లూ మరిచిపోయారు. నాకు మాత్రం గొంతులో చేపముల్లు అడ్డం పడినట్టయింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా దిగలేదు. మా మనవరాలు మూడో తరగతిలో ఉండగా, ఇదే మైపాడులో, ఇలాంటి చాప మీదే ఒకసారి ఆగిపోయింది. ఆ మాట నా నాలుక చివరే ఉంది. నేను అందించలేదు.

మా ఆయన పోయాక కూతురింటికి చేరాను. నా చదువు రెండో తరగతి. బడిలో ఒత్తులు మొదలుపెట్టేసరికి మా అమ్మ నన్ను ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలడానికి కూర్చోబెట్టింది. అందుకని అక్షరాలు విడివిడిగా పోల్చుకుంటాను గానీ, అక్షరం కింద ఇంకోటి వేలాడుతుంటే చాలు, చెమటలు పడతాయి. వాక్యం మాత్రం అధ్యాయాలకు అధ్యాయాలే నోటికొచ్చు. మా ఆయన గుమ్మంలో కూర్చుని పైకి చదివేవాడు, నేను వలలో చిక్కిన పీతల్ని విడదీస్తూ వినేదాన్ని. ఏ పీత కరిచినప్పుడు ఏ వాక్యం నడుస్తోందో ఇప్పటికీ చెప్పగలను. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ప్రార్థనలో నా వంతు వస్తే పుస్తకం ఊరికే ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని చెప్పేస్తాను. ముసలిదానికి అది చెల్లుతుంది. పిల్లకు చెల్లదు గదా.

పిల్లకు అక్షరాలన్నీ వచ్చు, వాటిని కలిపితేనే రాదు. కూతురు పగలంతా రొయ్యలు ఒలిచే షెడ్డులో నిలబడి, వేళ్లు నాని తెల్లబడి ఇంటికొచ్చేది. టీ కూడా తాగకుండా పిల్లను ముందేసుకునేది.

“ఇదేందే?”

“క.”

“దాని కింద?”

పిల్ల నా వైపు చూసేది. నేను పొయ్యి వైపు చూసేదాన్ని.

“ఇన్నాళ్లు గోడకు చెప్పుంటే గోడకన్నా వచ్చుండును గదే!”

“గోడకు హోంవర్కు లేదు గదమ్మా” అంది ఒకనాడు పిల్ల. దానికి వీపు మీద పడింది. నాకు నవ్వొచ్చింది గానీ, ఆ ఇంట్లో నవ్వే రోజులు కావవి. చివరికి కూతురు తేల్చి చెప్పేసింది. నెల్లూరు హాస్టల్లో వేస్తానంది. మా సంఘం పాస్టరు అయ్యగారే ఆ హాస్టలు చూసుకునేవారు. ఆయన తొందరపడలేదు. “వచ్చే శనివారం మీ ఇంట్లో ప్రార్థన పెట్టుకుందామమ్మా. పాపను చదవనియ్యి. అప్పుడు చూద్దాం” అన్నారు.

ఆ రోజు నుంచి పిల్ల నా కొంగు వదల్లేదు. “అవ్వా, నేను హాస్టలుకు పోను. నువ్వు చెప్పు అమ్మకి.” నేను చెబితే వినే కూతురైతే ఈ కథే లేదు. చేపలు ఎండబెట్టే చోట ఇద్దరం కూర్చుని ఇసుకలో మాటలు రాసేవాళ్లం. ఒత్తు వస్తే అది నన్నడిగేది, నేను దాన్నడిగేదాన్ని. అలా కుస్తీ పట్టి కొన్ని లాగాం గానీ, శనివారం ఆగదు గదా. అందుకని పిల్ల ఇంకో దారి కనిపెట్టింది. ఆ రోజు చదవబోయేది పడవలో తుఫాను అణిగే భాగమని కూతురు ముందే చెప్పింది. చాప మీద వరుస కూడా తెలిసిందే: అయ్యగారు, అల్లుడు, కూతురు, పిల్ల, నేను. అంటే అందులో నాలుగో వచనం పిల్లది. అది నాకు నోటికొచ్చు. పిల్ల చెవిలో పోశాను. రెండు రోజుల్లో అప్పజెప్పేసింది. “మరీ గడగడా చెప్పబాకమే, అనుమానమొస్తాది. నడమ రెండుసార్లు ఆగు” అని అదీ నేర్పాను.

శనివారం వచ్చింది. అయ్యగారు వచ్చారు. అనుకున్న వరుసలోనే కూర్చున్నాం. అయ్యగారు మొదటి వచనం చదివారు. అల్లుడు రెండోది అందుకున్నాడు. ఇంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడు. బోగోలు నుంచి అల్లుడి అక్క, చంకలో ఎండురొయ్యల సంచితో! “బస్సు సచ్చింది నాయనా, ఆటోలో పడి వస్తాండా. జరుగుమే కోడలా” అంటూ తెచ్చిన ప్రేమంతా పిల్ల మీదే చూపిస్తూ, సరిగ్గా కూతురికీ పిల్లకీ మధ్యలో కూలబడింది.

కూతురు మూడోది చదివింది. పుస్తకం ఆ మహాతల్లి చేతికి పోయింది. ఆమె కళ్లజోడు సర్దుకుని, పిల్ల నేర్చుకున్న వచనాన్ని తీరిగ్గా, రాగం తీసి మరీ చదివేసింది. పిల్ల వేళ్లు నా మోకాలిని గట్టిగా పట్టుకున్నాయి.

పుస్తకం పిల్ల ఒళ్లోకి వచ్చింది. ఐదో వచనం. నాకు వచ్చు. పిల్ల తల నా వైపు వంగింది. అయ్యగారు పిల్లనే చూస్తున్నారు, కూతురు నా నోటినే చూస్తోంది. ఒక్కో మాటా గుసగుసగా అందిస్తే చాలు, పిల్ల లాక్కుపోతుంది, నా పక్కనే ఉండిపోతుంది. నోరు తెరిచాను కూడా. అప్పుడు చూశాను, పిల్ల వేలు అప్పటికే మొదటి అక్షరం కింద ఆనించి ఉంది. నోరు మూసుకున్నాను.

ముందు మాటలు ఎలాగో ఈడ్చుకొచ్చి, “స” అంది పిల్ల. “ము...” తర్వాత ఆగిపోయింది. పొద్దున లేస్తే ఎదురుగా కనిపించేదే, కాగితం మీద పోల్చుకోలేకపోయింది.

“పోనీలే పాపా, నేను చదవతాలే ఇటియ్యి” అని మేనత్త చెయ్యి చాచింది. అయ్యగారు వద్దన్నట్టు చెయ్యెత్తారు. నేను చాప అంచు పీకుతున్నాను. పిల్ల ముక్కు చివర చెమట. పెదాలు కదిపి, లోపలే ఏదో కలిపి, విడదీసి, మళ్లీ కలిపి, “ద్ర” అంది. “సముద్రము” అని తనే ఉలిక్కిపడింది. తర్వాతి మాట. ఆ తర్వాతిది. వచనం ఒడ్డుకు చేరేసరికి టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఎవరూ లేవలేదు.

ప్రార్థన అయ్యాక కూతురు గ్లాసులందిస్తూ నెమ్మదిగా అడిగింది. “మరి హాస్టలు సంగతి అయ్యగారూ?”

“కూడబలుక్కోవడం వచ్చింది గదమ్మా. ఇంక కావాల్సింది పక్కన కూర్చునే మనిషి. ఆ మనిషి ఇంట్లో ఉంటే హాస్టలెందుకు?” అన్నారాయన.

మర్నాడు సాయంత్రం పిల్ల చదువుకు చాప పరిచాక కూతురు నా దగ్గరకొచ్చి, “నువ్వు అటు గోడ పక్కకి పోమ్మా” అని నన్ను లేపి, పిల్ల పక్కన నా చోటులో తను కూర్చుంది. ఆ సాయంత్రం ఎవరి వీపు మీదా దెబ్బ పడలేదు. పిల్ల ఇంట్లోనే ఉంది. ఆ ఒక్క మాట అందించనందుకు పిల్ల మాకు మిగిలింది, దాని పక్కన నా చోటు మాత్రం పోయింది; నేను గోడ పక్కనుంచి వింటూ ఉండిపోయాను.

పిల్ల అక్షరం అక్షరానికీ ఆగినన్నాళ్లూ కాలం కూడా మా ఇంట్లో ఆగి ఆగి నడిచింది. దానికి చదువు సాఫీగా వచ్చాక ఏళ్లు ఎవరి కోసమూ ఆగలేదు.