తప్పు మోదుగ గింజలది కాదు

కొన్నేళ్లుగా ఒక మంచి మందు నా మూలంగా చెడ్డపేరు మోసింది. ఆ బరువు నిజానికి నాది. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఈ సంగతి అందులో కూడా రాయలేకపోయాను. ఈ రోజు మీకు చెబుతున్నాను. ఎందుకంటే ఆ మందు గెలిచింది. ఓడిపోయి ఉంటే చెప్పేదాన్నా? తెలియదు. ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

ఫిల్మ్ నగర్ గుట్ట దిగువన యాదగిరన్నకు ఒక షెడ్డు ఉంది. షూటింగులకు మేకల్ని, ఎడ్లను కిరాయికి ఇస్తాడు. ఇరుకులో కట్టేసి ఉంచడం వల్ల మేకల కడుపులో నట్టలు, అంటే పేగు పురుగులు, పెరిగేవి. పశువైద్య కళాశాలలో నా సీనియర్ గ్రేస్ అక్కకు మోదుగ గింజల కషాయం మీద గట్టి నమ్మకం. సగం మేకలకు కషాయం తాగించి మెడకు ఎర్ర పట్టీలు కట్టాం. పోల్చి చూడటానికి మిగతా సగానికి ఏమీ ఇవ్వకుండా తెల్ల పట్టీలు కట్టాం. కొన్నాళ్లాగి పెంటికల్లో నట్టల గుడ్లు లెక్కపెడితే మందు సంగతి తేలిపోతుంది. అక్క పరిశోధనంతా ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది.

లెక్కపెట్టడం ఒక్కటే మిగిలి ఉండగా ఆ మేకలకు షూటింగు పడింది. పాతకాలపు సంత సెట్టు. పట్టీలు జాగ్రత్త అని చెప్పి అక్క నన్ను వెంట పంపింది. నేను సెట్టు వెనక నీడలో కూర్చుని నవల చదువుకున్నాను. కొత్త మనుషులతో మాట్లాడకుండా తప్పించుకోవడానికి పుస్తకమే నాకు చాటు. తలెత్తేసరికి, కెమెరాలో కనిపిస్తున్నాయని ఎవరో పట్టీలన్నీ విప్పి బకెట్లో పడేశారు. అన్నీ నల్ల మేకలే. అప్పుడే కొన్నవి కాబట్టి యాదగిరన్నకూ వాటి గుర్తులు తెలియవు. సాయంత్రం షెడ్డులో, ఎవరూ లేనప్పుడు, తోచినట్టు కట్టేశాను. కొన్నయినా సరిగ్గా పడి ఉంటాయిలే అనుకున్నాను.

రెండు గుంపులకూ గుడ్ల లెక్కలో తేడా రాలేదు. ఎలా వస్తుంది?

“పట్టీలు గానీ మారాయంటావా?” అని అడిగింది అక్క.

“లేదక్కా.”

“షూటింగులో ఎవరూ ముట్టుకోలేదు కదా?”

“నేను అక్కడే ఉన్నాను కదక్కా.”

“అదీ నిజమేలే. నువ్వు కాపలా ఉంటే ఈగ కూడా వాలదు.”

నా రెండో జవాబు అబద్ధం కాదు. అందుకే మొదటి దానికన్నా అదే నన్ను ఎక్కువ బాధించింది. మోదుగ పనికిరాదని రాసి, అక్క పరిశోధన వదిలేసి, టోలిచౌకిలో కుక్కల క్లినిక్‌లో చేరిపోయింది.

కిందటేడు నాకు సొంతంగా పరిశోధన చేసే అవకాశం వచ్చింది. మోదుగ అన్నాను. తేలిపోయిన విషయం మళ్లీ ఎందుకని గైడు విసుక్కున్నారు. జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పాను. ఈసారి పట్టీల జోలికి పోలేదు. ప్రతి మేకకూ చెవి లోపల పచ్చబొట్టుతో నంబరు వేయించాను. కెమెరాకు కనిపించదు, ఎవరూ విప్పలేరు. షూటింగు పడితే వెంట వెళ్లాను, పుస్తకం లేకుండా.

లెక్క తేలే రోజున మైక్రోస్కోపును షెడ్డుకే తీసుకెళ్లాను. మందివ్వని మేకల్లో గుడ్లు కిక్కిరిసి ఉన్నాయి. మందు తాగిన వాటిలో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక మేక తర్వాత ఇంకొకటి, అన్నింటిలోనూ అంతే. నవ్వు ఆగలేదు నాకు.

“ఏంది మేడమ్, పెంటికలు జూసి గింతగనం నవ్వుతున్నరు?” అన్నాడు యాదగిరన్న.

“మందు పనిచేసిందన్నా.”

“మా మేకలు నిన్ననే చెప్పినయ్ గదా. ఆకలి పెరిగి గోడ మీది హీరో పోస్టరు సగం తినేసినయ్.”

ఆ సాయంత్రమే మిగతా మేకలకూ కషాయం తాగించాం. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

గెలుపు చెప్పి తప్పు దాచుకోవచ్చు, ఎవరూ పసిగట్టరు. కానీ పాత ఫలితం ఎందుకు చెడిందో చెప్పకపోతే నింద అక్క చేతిపని మీదే ఉండిపోతుంది. మళ్లీ అక్కనే ముంచుతానా? కళాశాల సభకు ఆమెను పిలిచాను. హాజరు పిలిచినా గట్టిగా పలకని నేను నిండు హాల్లో మైకు ముందు నిలబడి లెక్కలన్నీ చూపించాను. పట్టీల సంగతి కూడా చెప్పాను. నవల దగ్గర నుంచి అబద్ధం దాకా, ఏదీ వదలకుండా.

సభ అయ్యాక అక్క దగ్గరికి వెళ్లాను. “మందు పనిచేస్తుందన్నమాట,” అంది, తెర మీది లెక్కల్నే చూస్తూ. నా వైపు చూడలేదు. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. క్షమించమని నేనూ అడగలేదు. పోయిన ఏళ్లు తిరిగి ఇవ్వలేనప్పుడు ఆ మాట అడిగి ఆమెను ఇబ్బంది పెట్టడం ఎందుకు?

మందు పనిచేస్తుంది. పట్టీలు మార్చింది నేను. అంతమంది ముందు ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పాను.